స్వీయ హిప్నాసిస్: మనసు పనితీరు తెలుసుకుని సాధన చేయడం ఎలా?

హిప్నాసిస్ అంటే ధ్యాసను ఒక్క విషయం మీద నిలిపి, మనసుకు ఇచ్చిన సూచనను అనుభవంగా మార్చుకునే స్థితి. దాని సాధన మొదలుపెట్టే ముందు ఒక చిన్న పరీక్ష చేసుకోవడం మంచిది. జానెడున్నర పొడవున్న దారానికి ఒక ఉంగరం కట్టండి. తెల్లకాగితం మీద అరచేయంత వృత్తం గీసి, దాని మధ్యలో కలిసేలా నిలువుగా ఒక గీత, అడ్డంగా ఒక గీత గీయండి. మోచేతిని బల్ల మీద ఆనించి, దారం కొసను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుని, ఉంగరం సరిగ్గా గీతలు కలిసే చోటికి పైన వేలాడేలా ఉంచండి. చేతిని కదపడానికి ప్రయత్నించకుండా, ఉంగరం నిలువు గీత వెంబడి ఊగుతున్నట్లు మాత్రమే ఊహిస్తూ దానినే చూడండి. చాలామందికి కాసేపట్లోనే ఉంగరం ఆ దిశగా ఊగడం మొదలవుతుంది. ఊహను అడ్డగీత మీదికి మళ్లిస్తే ఊగే దిశ కూడా మెల్లగా మారుతుంది.

ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త షెవ్రూల్ 1833లో ఈ ప్రయోగాన్ని వివరించాడు. కళ్లకు గంతలు కట్టుకుంటే కదలిక ఆగిపోతుందని కూడా ఆయన గమనించాడు. కదలికను ఊహించినప్పుడు వేళ్ల కండరాలలో మనకు తెలియనంత స్వల్పమైన చలనం పుడుతుంది, దారం పొడవు ఆ చలనాన్ని కంటికి కనిపించేంత పెద్దది చేస్తుంది. చేయి మనదే, ఊహ మనదే. అయినా ఉంగరం తనంతట తానే కదిలినట్లు అనిపిస్తుంది. హిప్నాసిస్‌లో కలిగే అనుభవాలన్నిటికీ మూలంలో ఉన్నది ఈ భావనే.

ఈ సంగతి ముందుగా చెప్పడానికి బలమైన కారణం ఉంది. హిప్నాసిస్ అంటే ఎదుటివాడి చూపులోనో చేతిలోనో ఉన్న శక్తి అనే నమ్మకం ఇప్పటికీ పోలేదు, ఆ నమ్మకాన్ని అడ్డం పెట్టుకుని జనాన్ని మోసగించేవారికీ కొదవ లేదు. రోగాలను నయం చేస్తుందని వైద్యుడు మెస్మర్ పారిస్‌లో ప్రచారం చేసిన అయస్కాంత శక్తిని పరీక్షించడానికి 1784లో ఫ్రాన్సు రాజు నియమించిన సంఘంలో బెంజమిన్ ఫ్రాంక్లిన్, రసాయన శాస్త్రవేత్త లావోజియే సభ్యులుగా ఉన్నారు. వారి పరీక్షలో ఒక బాలుడు శక్తి నింపామని చెప్పిన చెట్టును చేరకముందే, ఏ శక్తీ నింపని మరో చెట్టు దగ్గర సొమ్మసిల్లి పడిపోయాడు. పని చేసింది అయస్కాంతం కాదని, ఊహాశక్తి అని ఆ సంఘం తేల్చింది. ఊహ మాత్రమే కదా అని దానిని తీసిపారేయడం తొందరపాటని నా అభిప్రాయం, ఎందుకంటే ఆ ఊహ ఒక మనిషిని నిజంగానే స్పృహ తప్పించింది.

మెదడులో జరిగేది ఏమిటంటే, హిప్నాసిస్‌లో ఉన్న మనిషి నిద్రపోడు; మెదడు తరంగాలు మెలకువ స్థితినే చూపిస్తాయి. ధ్యాస ఒక్క విషయం మీద గాఢంగా నిలుస్తుంది, 'నేను ఇప్పుడేం చేస్తున్నాను' అని తనను తాను పరిశీలించుకునే అలవాటు తగ్గుతుంది, జరగబోతుందని ఎదురుచూసేది అనుభవంగా మారుతుంది. 1997లో మాంట్రియల్ పరిశోధకులు, నొప్పి పుట్టించేంత వేడినీటిలో చేయి ఉంచినవారికి హిప్నాసిస్‌లో ఆ నొప్పి వల్ల కలిగే బాధ తగ్గుతుందని సూచన ఇచ్చారు. మెదడులో బాధతో ముడిపడిన సింగ్యులేట్ అనే భాగంలో చలనం సూచనకు తగినట్లు మారింది, స్పర్శను నమోదు చేసే భాగంలో మాత్రం అలాంటి మార్పు కనిపించలేదు. అంటే నొప్పి తెలుస్తూనే ఉంటుంది, అది మనల్ని వేధించడం తగ్గుతుంది. సాధన నుంచి ఏం ఆశించాలో చెప్పడానికి ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ నాకు తెలియదు.

ఒంటికి విశ్రాంతి ఉండితీరాలన్న నియమం కూడా లేదు. 1976లో మనస్తత్వ శాస్త్రవేత్తలు ఏవా బాన్యై, హిల్గార్డ్ కలిసి వ్యాయామ సైకిలు తొక్కుతున్నవారిని చురుకుదనం సూచించే మాటలతో హిప్నాసిస్‌లోకి తీసుకెళ్లగలిగారు. మన జాతరలలో, బోనాలలో డప్పు దరువుకు పూనకం వచ్చేవారిని చూసినవారికి ఇది వింతగా తోచదు. అక్కడా ఎడతెగని లయ, ఒకే దాని మీద నిలిచిన మనసు, పూనినవారు ఎలా ఉంటారో చిన్ననాటి నుంచి చూసిన ఎరుక కలిసి పనిచేస్తాయి. పూనకానికి భక్తులు ఇచ్చే అర్థం వేరు, దానిని గౌరవించవలసిందే. మనసు ఆ స్థితికి చేరే దారిలో మాత్రం పోలికలు ఉన్నాయి.

ఇక సాధన. ఎవరూ పిలవని పావుగంట చూసుకుని, వీపుకు ఆనుడున్న కుర్చీలో కూర్చుని, పాదాలు నేలకు ఆనించండి. తల వంచకుండా, కనుబొమల కంటే పైన గోడ మీద ఒక చుక్కను ఎంచుకుని దానినే చూడండి. ఈ పద్ధతి మాంచెస్టర్‌లో వైద్యం చేసిన స్కాట్లాండు శస్త్రవైద్యుడు జేమ్స్ బ్రెయిడ్ 1840ల నాటిది. ఆయన మెరిసే వస్తువును కళ్లకు బాగా శ్రమ కలిగే ఎత్తులో పట్టుకునేవాడు. కళ్లను అలా పైకెత్తి ఉంచితే రెప్పలు అలసిపోవడం సహజం. సరిగ్గా ఆ అలసట మొదలైనప్పుడు 'రెప్పలు బరువెక్కుతున్నాయి' అని మనసులో అనుకుంటే, చెప్పిన మాట, ఒంట్లో జరిగేది ఒకటవుతాయి. ఇక్కడ తొందరపడకూడదు: రెప్ప నిజంగా బరువెక్కిన తరువాతే ఆ మాట అనుకోవాలి. జరుగుతున్నదానినే మాటగా చెప్పడం కొనసాగితే, ఆ తరువాత చెప్పే జరగనిదానిని కూడా మనసు అదే వరుసలో స్వీకరిస్తుంది.

కళ్లు మూసుకున్నాక ఊపిరి వదిలిన ప్రతిసారీ ఒక అంకె చొప్పున ఇరవై నుంచి ఒకటి వరకు వెనక్కి లెక్కపెట్టండి. అంకె తప్పితే తప్పిన చోటి నుంచే కొనసాగించండి. తరువాత కుడిచేయి బరువెక్కినట్లు, ఆపై వెచ్చబడినట్లు ఊహించండి. జర్మన్ మానసిక వైద్యుడు షుల్జ్ 1932లో ప్రచురించిన ఆటోజెనిక్ శిక్షణ (తనకు తానే సూచనలు ఇచ్చుకుని ఒంటిని సడలించుకునే పద్ధతి) కూడా ఈ రెండింటితోనే మొదలవుతుంది. బరువు తెలిశాక అసలు సూచనలోకి, అంటే కావాలనుకున్న మార్పును మనసుకు చెప్పే మాటలోకి, ఊహలోకి వెళ్లాలి.

సాధన ఫలితం ఎక్కువగా సూచన కూర్పు మీద ఆధారపడుతుందని నేను నమ్ముతాను. ఇంజెక్షన్ అంటే భయపడే వ్యక్తి 'నాకు భయం లేదు' అనుకుంటే, మనసు ముందు భయాన్నే తలచుకోవలసి వస్తుంది. దానికి బదులు మంచుముక్కను జబ్బ మీద పెట్టుకున్నట్లు, చల్లదనం చర్మంలోకి దిగి ఆ చోటు మొద్దుబారినట్లు ఊహించాలి. మంచుముక్క తడి, అది జారి మోచేతి దాకా కారడం, చుట్టూ చర్మం బిగుసుకోవడం వంటి వివరాలు ఎంత దగ్గరగా తోస్తే అంత మేలు. చివర్లో ఒక గుర్తు కలపండి: 'సూది వేసే మనిషి దూదితో తుడవగానే ఈ చల్లదనం తిరిగి వస్తుంది.' బయటికి రావడానికి ఒకటి నుంచి ఐదు వరకు లెక్కపెట్టి, వేళ్లు కదిపి, చేతుల బరువు పూర్తిగా పోయిందని చూసుకున్నాకే లేవాలి.

అందరికీ ఒకే ఫలితం రాదు. 1959లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో వైట్‌జెన్‌హోఫర్, హిల్గార్డ్ హిప్నాసిస్‌కు ఎవరు ఎంత స్పందిస్తారో తెలుసుకోవడానికి పన్నెండు పరీక్షలతో ఒక కొలమానం రూపొందించారు. అందులో కొందరు దాదాపు అన్నిటికీ, కొందరు ఒకటి రెండింటికే స్పందిస్తారు, ఎక్కువమంది మధ్యలో ఉంటారు. పాతికేళ్ల తరువాత అదే మనుషులను మళ్లీ పరీక్షిస్తే స్థానాలు పెద్దగా మారలేదని 1989లో వెల్లడైంది. కాబట్టి ఫలితం తక్కువగా ఉంటే సంకల్పబలం లేదని నొచ్చుకోనక్కరలేదు.

కొన్నిటికి ఈ సాధనను వాడకూడదు. కారణం తెలియని నొప్పిని ముందు వైద్యునికి చూపించాలి. మరచిపోయిన సంఘటనలను తవ్వి తీయడానికి హిప్నాసిస్ పనికిరాదు: జ్ఞాపకం నిజమయ్యే అవకాశం పెరగదు గానీ, అది నిజమేనన్న ధీమా పెరుగుతుంది. పూర్వజన్మలు చూపిస్తామనేవారి దగ్గర కలిగే స్పష్టమైన దృశ్యాలకు ఈ ధీమాయే ప్రాణం. లేనివి వినిపించడం, కనిపించడం వంటి లక్షణాలు ఉన్నవారు ఒంటరిగా సాధన చేయకుండా మానసిక వైద్యుని దగ్గరికి వెళ్లాలి. చికిత్సగా హిప్నాసిస్ కావాలనుకునేవారు, చేసే వ్యక్తి మానసిక వైద్యుడా, లేక రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో నమోదైన క్లినికల్ సైకాలజిస్టా అని ముందే అడిగి తెలుసుకోవాలి. సూచనలను ఫోనులో రికార్డు చేసుకుని వినేవారు, వాహనం నడుపుతున్నప్పుడు గానీ పొయ్యి దగ్గర ఉన్నప్పుడు గానీ దానిని పెట్టుకోకూడదు.