ఇంట్లో కుటుంబ ప్రార్థన, పండుగ అలవాట్లు నిలబెట్టుకొనే పద్ధతి

కుటుంబ ప్రార్థన మొదలై వారంలోపే ఆగిపోయిన క్రైస్తవ ఇళ్లలో తరచుగా కనిపించే కారణం, మొదటి రాత్రే గంటసేపు కూర్చోబెట్టడం. పిల్లలు కునికిపాట్లు పడతారు, పెద్దలు విసుక్కొంటారు, మరునాడు ఎవరూ పిలవరు. ఒక పాట, బైబిలులోని ఒక చిన్న వాక్యభాగం, ఒకరి ప్రార్థన కలిపి పది నిమిషాలతో ముగించడం మంచిది. దీనికి కొత్త సమయం వెతకకుండా, ఇంట్లో ఇదివరకే తప్పకుండా జరిగే ఒక పనికి జతచేయాలి. హనుమకొండలో పిల్లలు ట్యూషన్ నుంచి ఆలస్యంగా వచ్చే ఇంటికి రాత్రి అన్నం వడ్డించే ముందు క్షణం అనుకూలిస్తుంది. తెల్లవారకముందే పత్తి ఏరడానికో నాట్లకో వెళ్లే పల్లె ఇంటికి పక్కలు పరిచిన తరువాతి సమయమే దొరుకుతుంది. కాజీపేటలో రైలు డ్యూటీలు చేసే కుటుంబాలకు గడియారం కుదరదు కాబట్టి, తండ్రి సంచి భుజాన వేసుకొని గడప దాటేటప్పుడు అందరూ నిలబడి బైబిలులోని 121వ కీర్తన చదవవచ్చు. ఎనిమిది వచనాలే ఉన్న ఆ కీర్తన రాకపోకలలో దేవుడు కాపాడతాడన్న మాటతో ముగుస్తుంది.

చదివే భాగాన్ని ముందుగానే నిర్ణయించుకోకపోతే, రోజూ పుటలు తిప్పడంలోనే సమయం పోతుంది. బైబిలులోని సామెతల గ్రంథంలో 31 అధ్యాయాలు ఉన్నాయి కాబట్టి తేదీని బట్టి అధ్యాయం తెరిచి, అందులో నాలుగైదు వచనాలు చదవడం తేలిక. కథలు ఇష్టపడే చిన్నపిల్లలున్న ఇంట్లో 16 అధ్యాయాల మార్కు సువార్తతో మొదలుపెట్టాలి. ఇంగ్లీషు మీడియం పిల్లలు బైబిలులోని గ్రాంథిక తెలుగు దగ్గర తడబడతారు. ప్రతి మాటకూ ఆపి సరిదిద్దితే మరుసటి రోజు చదవడానికి ముందుకు రారు. కంఠత వాక్యానికి 23వ కీర్తన చక్కగా కుదురుతుంది: ఆరు వచనాలను సోమవారం నుంచి శనివారం వరకు రోజుకొకటి నేర్పి, ఆదివారం గుడికి బయలుదేరే ముందు మొత్తం చెప్పించవచ్చు. అక్షరాలు రాని నాయనమ్మకు అది ఇదివరకే నోటికి వచ్చి ఉంటే, నేర్పే పని ఆమెకే అప్పగించాలి. పాట విషయంలోనూ అంతే. రాగతాళాల పేర్లతో అచ్చయిన పాత కీర్తనల బాణీలు ఫోనులో కంటే ఇంటి పెద్దల గొంతులోనే నికరంగా దొరుకుతాయి.

పిడికెడు బియ్యం అలవాటు ఖర్చు లేనిది, పిల్లల కంటికి కనిపించేది. వంటకు బియ్యం కొలిచిన ప్రతిసారీ ఒక పిడికెడు వేరే డబ్బాలో వేయాలి. రెండు పూటలా వండే ఇంట్లో వారానికి 14 పిడికెళ్లవుతాయి. ఆదివారం దానిని సంఘానికి ఇవ్వవచ్చు, లేదా పనికి వెళ్లలేని పొరుగింటి ముసలమ్మకు పిల్లల చేతనే పంపవచ్చు. డబ్బాలో వేసే చేయి పిల్లలదే కావాలి. తల్లే వేస్తే అది వంటపనిలో కలిసిపోతుంది.

ఈస్టరుకు ముందు యేసు శ్రమలను తలచుకొనే శ్రమల దినాలను కొందరు తపస్సు కాలమని అంటారు. భస్మ బుధవారం నుంచి ఈస్టరు ముందురోజు వరకు 46 రోజులుంటాయి. ఆరు ఆదివారాలను లెక్కలోంచి తీసేస్తే 40 మిగులుతాయి. ఆ రోజుల్లో పిల్లలను పస్తులుంచడం నాకు సమ్మతం కాదు. చిరుతిండి మానుకొని ఆ డబ్బును ఒక డబ్బాలో వేయడం, ఇంట్లో ఎవరితోనైనా మాటలు లేకపోతే ఈస్టరుకు ముందు ఆదివారమైన మట్టల ఆదివారంలోపు పలకరించడం వారికి సాధ్యమైన పనులు. రెండోది పెద్దలకే ఎక్కువ కష్టం.

క్రిస్మసుకు మన వైపు సకినాలు చుట్టే రోజే ఒక మంచి అవకాశం. ఈ పిండివంట సంక్రాంతిదే అయినా, క్రైస్తవుల ఇళ్లలో డిసెంబరులోనే చేసుకోవడానికి అడ్డేమీ లేదు. తడి బియ్యప్పిండిలో నువ్వులు, వాము కలిపి, పరిచిన బట్ట మీద వేళ్లతో చుట్లు తిప్పుతూ నలుగురు ఆడవాళ్లు రెండు గంటలైనా ఒకచోట కూర్చుంటారు. పిల్లలు వద్దన్నా అక్కడే చేరతారు. లూకా సువార్త రెండో అధ్యాయంలోని మొదటి 20 వచనాలను ఆ సమయంలో ఒకరు చదివి, తరువాత ఆ కథను పిల్లల చేత చెప్పించాలి. గొర్రెల కాపరుల దగ్గరికి వచ్చేసరికి, మందలు కాచే బంధువులున్న ఇంట్లో ప్రశ్నలు ఆగవు. చుట్టిన సకినాలు బట్ట మీద తడి ఆరాకే నూనెలో వేయాలి కాబట్టి, ప్రార్థనకు ఆ విరామం సరిపోతుంది. మొదటి వాయి దిగగానే పళ్లెంలో పెట్టి, ఏ మతం వారైనా సరే, పక్కింటికి పిల్లలతో పంపాలి.