పోర్చుగల్ వైన్ కొనాలంటే ముందు ప్రాంతం చూడండి

పోర్చుగల్ వైన్ల అర ముందు నిలబడితే వచ్చే మొదటి చిక్కు, బాటిల్ మీద తెలిసిన పేరు ఒక్కటీ కనిపించకపోవడం. మెర్లో, షార్డొనే లాంటి నాలుగు పేర్లు నేర్చుకుని వెళ్లినవాళ్లకి అక్కడ తురీగా నాసియోనాల్, ఎంక్రుజాదో, ఫెర్నావ్ పీరెష్ అని కనిపిస్తాయి, లేదా అసలు ద్రాక్ష పేరే ఉండదు. విస్తీర్ణంలో తెలంగాణ కంటే చిన్న దేశం, అందులో 250కి పైగా సొంత ద్రాక్ష రకాలు. అవన్నీ బట్టీ పట్టే ఓపిక ఉంటే మంచిదే కానీ నేనైతే వద్దంటాను, ఎందుకంటే అక్కడి వైన్లలో ఎక్కువ భాగం రెండు మూడు రకాలు కలిపి చేసినవే. దోరో లోయలోని పాత తోటల్లో అయితే ఎన్నో రకాల తీగలు పక్కపక్కనే కలగలిసి ఉంటాయి, వాటిని కలిపే కోసి కలిపే పులియబెడతారు. చాలదన్నట్టు ఒకే ద్రాక్షకి ప్రాంతానికో పేరు. స్పెయిన్‌లో టెంప్రానీయో అనేది పోర్చుగల్ ఉత్తరాన తింతా రోరీజ్, దక్షిణాన అరగొనేజ్.

కాబట్టి లేబుల్ మీద ముందు ప్రాంతం పేరు వెతకండి. అది అట్లాంటిక్ సముద్రానికి దగ్గరగా ఉందా, కొండలకి అవతల ఉందా అన్నది తెలిస్తే లోపల ఏముందో సగం తెలిసినట్టే. సముద్రం పక్కన వాన, చల్లదనం ఎక్కువ, అందుకని ద్రాక్షలో పులుపు నిలుస్తుంది, వైన్ తేలిగ్గా వస్తుంది. కొండలు దాటి లోపలికి పోయేకొద్దీ ఎండ పెరుగుతుంది, పండు బాగా పండి చక్కెర పెరుగుతుంది, ఆ చక్కెరే ఆల్కహాల్‌గా మారుతుంది కాబట్టి వైన్ చిక్కగా, ఘాటుగా ఉంటుంది.

వాయవ్య మూల, బాగా వానలు పడే మిన్యో వైపు నుంచి వచ్చేది వీన్యో వెర్దె. పేరుకి పచ్చ వైన్ అయినా ఎక్కువగా దొరికేది తెల్లదే, లేతగా ఉన్నప్పుడే తాగేస్తారు. నాలుక మీద సన్నగా చురచురమనే గ్యాస్ ఉంటుంది, చవక బాటిళ్లలో అది విడిగా ఎక్కించిందే. ఆల్కహాల్ తరచుగా 9 నుంచి 11.5% మధ్య. ఇందులో కాస్త మెట్టు ఎక్కాలనిపిస్తే లేబుల్ మీద అల్వరీన్యో అనే ద్రాక్ష పేరు, దాని పక్కన మొన్సావ్ ఇ మెల్గాసో అనే ఉపప్రాంతం పేరు ఉందేమో చూడండి. స్పెయిన్ సరిహద్దు మీద ఉండే ఆ చోట కొండలు అడ్డు ఉండటంతో ద్రాక్ష బాగా పండుతుంది, అక్కడి వైన్ కొన్నేళ్లు దాచినా తట్టుకుంటుంది. లోరేరో అనే ద్రాక్ష పేరు ఉంటే పూల వాసన ఎక్కువ. ఎర్ర వీన్యో వెర్దె కూడా ఉంది, వీన్యావ్ అనే ద్రాక్షతో చేస్తారు, రాసుకునే సిరాలా ముదురుగా పులుపుతో ఉంటుంది, మొదటిసారి కొనేవాళ్లకి మాత్రం నేను చెప్పను.

అక్కడి నుంచి తూర్పుకి వస్తే మరావ్ కొండలు. వాన మేఘాలు అక్కడే ఆగిపోతాయి, వాటి వెనక దోరో నది లోయ, ఎండాకాలంలో నిప్పుల కొలిమి. నేల అంతా పలకరాయి, ఏటవాలు కొండలకి మెట్లు కట్టి తీగలు వేశారు. 1756లోనే, దేశ పాలన నడిపిన మంత్రి మార్కీ ద పొంబాల్ హయాంలో ఈ ప్రాంతానికి హద్దులు గీసి, ఇక్కడి ద్రాక్షతో చేసిందే పోర్ట్ అని తేల్చేశారు. ప్రపంచంలో ఇలా నియమాలతో హద్దులు కట్టిన తొలి వైన్ ప్రాంతాల్లో ఇదొకటి, 2001లో యునెస్కో జాబితాలోకి కూడా ఎక్కింది. ఇక్కడి మామూలు ఎర్ర వైన్, అంటే తీపి లేనిది, దోరో డిఓసి అనే పేరుతో వస్తుంది (డిఓసి అంటే ఆ ప్రాంతపు కఠిన నియమాల ప్రకారం చేసిందన్న ముద్ర). తురీగా నాసియోనాల్ ముదురు రంగు, వగరు ఇస్తే, తురీగా ఫ్రాంకా సువాసన ఇస్తుంది. కారం తక్కువ వేసిన మటన్ లాంటి వాటికి ఎర్ర వైన్ కావాలనుకుంటే డబ్బుకి తగ్గ విలువ ఇక్కడ దొరుకుతుందని నా అభిప్రాయం.

పోర్ట్ గురించి కొంచెం నిదానంగా చెప్పాలి, ఎందుకంటే మన దగ్గర పోర్ట్ వైన్ అంటే గోవాలో చేసే చవకైన తీపి ఎర్ర వైన్ అనే అందరి మనసులో ఉంది. రెండింటికీ సంబంధం పేరు వరకే. అసలు పోర్ట్ చేసేటప్పుడు ద్రాక్ష రసం పులుస్తుండగా, చక్కెర ఇంకా సగం మిగిలి ఉన్నప్పుడే 77% ఆల్కహాల్ ఉన్న ద్రాక్ష స్పిరిట్ పోస్తారు, దాంతో పులియడం ఆగిపోతుంది, తీపి అలాగే ఉండిపోతుంది, ఆల్కహాల్ 20% దాకా చేరుతుంది. బాటిల్ మెడ మీద పోర్చుగల్ వైన్ సంస్థ అంటించే హామీ కాగితం ఉంటుంది, అది చూసుకోండి.

కొనేటప్పుడు గుర్తుంచుకోవాల్సిన తేడా ఒక్కటే. రూబీ, ఎల్‌బివి (లేట్ బాటిల్డ్ వింటేజ్), వింటేజ్ అనేవి పండు రుచి, ఎర్ర రంగు పోకుండా చేసినవి. టానీ మాత్రం చిన్న చెక్క పీపాల్లో ఏళ్ల తరబడి గాలి తగులుతూ గోధుమ రంగుకి మారి, ఎండు ఖర్జూరం, జీడిపప్పు, పాకం రుచికి వస్తుంది. 10, 20, 30, 40 అని రాసి ఉండేది ఎక్కువగా టానీ మీద, అది బాటిల్‌లో ఉన్న వైన్ అంతటికీ కచ్చితమైన వయసు కాదు, వేర్వేరు ఏళ్ల వైన్లు కలిపి ఆ వయసు రుచికి తెచ్చిన తీరు. వింటేజ్ ఖరీదు ఎక్కువ, బాగా పండిన ఏళ్లలోనే ప్రకటిస్తారు, అడుగున మడ్డి పేరుకుంటుంది కాబట్టి జగ్గులోకి మెల్లగా వంపుకోవాలి, తెరిచాక రెండు మూడు రోజుల్లో అయిపోవాలి. టానీ తెరిచి ఫ్రిజ్‌లో పెడితే వారాలు నిలుస్తుంది. ఇంట్లో ఒక్కరే రోజుకి చిన్న గ్లాసు తాగేవాళ్లయితే వింటేజ్ కొనడం దండగ, పదేళ్ల టానీ తీసుకోండి.

దోరోకి దక్షిణాన, చుట్టూ కొండలు, పైన్ చెట్ల మధ్య గ్రానైట్ నేల మీద దావ్ ప్రాంతం ఉంది. ఎత్తు వల్ల రాత్రులు చల్లగా ఉంటాయి, అందుకే ఎర్ర వైన్లు దోరో అంత బరువుగా ఉండవు. ఇక్కడి తెల్ల ద్రాక్ష ఎంక్రుజాదోని ఎక్కువమంది పట్టించుకోరు కానీ దేశంలో నాకు అన్నిటికంటే నచ్చే తెల్ల వైన్ అదే. దావ్‌కి పడమర, సముద్రం వైపు బైరాదా. అక్కడ బాగ అనే ఎర్ర ద్రాక్ష వగరు, పులుపు రెండూ గట్టిగా ఉన్న మొండి ఘటం, లేతగా తాగితే నోరు పట్టేస్తుంది, పదేళ్లు ఆగితే మెత్తబడుతుంది. స్థానికులు దాన్ని కాల్చిన పందిపిల్ల మాంసంతో తాగుతారు, ఆ కొవ్వుకి ఆ వగరు సరిగ్గా సరిపోతుంది. అదే ద్రాక్షతో బుడగల వైన్ కూడా చేస్తారు.

దక్షిణాన అలెంతేజో, బెరడు నుంచి బాటిల్ కార్కులు తీసే ఓక్ చెట్ల నేల. ఒకసారి బెరడు ఒలిస్తే మళ్లీ తొమ్మిదేళ్లు ఆగాలి. ఎండ బాగా ఉండటంతో వైన్లు మెత్తగా ఉంటాయి, పులుపు తక్కువ, కొత్తవాళ్లకి ఎక్కువగా నచ్చేది ఇదే. ఇక్కడ చెప్పుకోవాల్సింది తాల్యా వైన్. మనిషంత ఎత్తు మట్టి బానల్లో ద్రాక్షని తొక్కతో సహా పులియబెట్టి, నవంబర్ 11న సెయింట్ మార్టిన్ పండగకి బాన తెరుస్తారు. లేబుల్ మీద వీన్యో ద తాల్యా అని చూసి కొనండి, తెల్ల ద్రాక్షతో చేసినది కూడా కాస్త వగరుగా ఉంటుంది, దాన్ని లోపం అనుకోకండి.

ద్వీపాల్లో మదీరా ఒక్కటి చాలు. భారత్ వైపు వెళ్లే ఓడల్లో పీపాలు ఉష్ణమండలం దాటి, ఎండకి కాగి తిరిగొస్తే రుచి పెరిగిందని గమనించి, తర్వాత ఒడ్డునే వేడి చేయడం మొదలుపెట్టారు. లేబుల్ మీద సెర్సియాల్ అనే ద్రాక్ష పేరు ఉంటే తీపి తక్కువ, వెర్దెల్యో, బోవాల్ దాటి మాల్వాసియా దగ్గరికి వచ్చేసరికి బాగా తీపి. అప్పటికే వేడికీ గాలికీ అలవాటుపడ్డ వైన్ కాబట్టి తెరిచిన బాటిల్ నెలలు గడిచినా పాడవదు.

లేబుల్ మీద మిగతా మాటలు: తింతో ఎరుపు, బ్రాంకో తెలుపు, సెకో తీపి లేనిది, కింతా అంటే తోట ఎస్టేట్. గరఫైరా అని ఉంటే, ఎర్ర వైన్ అయితే కనీసం 30 నెలలు ఆగి వచ్చిందని అర్థం. కొల్యైతా దగ్గర జాగ్రత్త, మామూలు వైన్ మీద అది పంట కోసిన ఏడాది మాత్రమే, పోర్ట్ మీద అయితే కనీసం ఏడేళ్లు పీపాలో ఉన్న, ఒకే ఏడాది టానీ. డిఓసి కాకుండా వీన్యో రెజియోనాల్ అని ఉంటే తక్కువ రకం అనుకోవద్దు, ఆ విభాగంలో నియమాలు సడలింపుగా ఉంటాయి, అలెంతేజోలో చాలా మంచి వైన్లు అలాగే వస్తాయి.

ఇక తిండి సంగతి. మిరపకాయని మన దేశానికి తెచ్చింది పోర్చుగీసువాళ్లే కానీ వాళ్ల ఘాటైన ఎర్ర వైన్లు మన కారానికి సరిపడవు. ఆల్కహాల్, వగరు రెండూ కారం మంటని పెంచుతాయి. కోడి వేపుడు, చేపల పులుసు లాంటి వాటితో ఆల్కహాల్ తక్కువ ఉన్న వీన్యో వెర్దె బాగా చల్లగా తీసుకోండి, లేబుల్ మీద మేయు సెకో అంటే కాస్త తీపి ఉన్నది దొరికితే ఇంకా మంచిది. దోరో ఎర్ర వైన్‌ని కారం తక్కువ ఉన్న కాల్చిన మాంసం, చీజ్ కోసం ఉంచుకోండి. ఎర్ర వైన్ గది వేడిలో తాగాలనే మాట మన ఎండలకి పనికిరాదు, 35 డిగ్రీల గదిలో ఆల్కహాల్ వాసన తప్ప ఏమీ రాదు. తాగే ముందు ఓ అరగంట ఫ్రిజ్‌లో పెట్టండి.