పాపాయికి తొలి ముద్ద: ఎప్పుడు, ఎంత చిక్కగా

నేను పిల్లల ఓపీలో నర్సుని. టీకాలకు వచ్చే తల్లుల్ని అడిగితే దాదాపు అందరూ "ఆరు నెలలకి పెట్టాలి" అనే చెబుతారు. అయినా ఆరో నెల రాగానే చెంచా పట్టుకుంటారు. అప్పటికి నిండేది ఐదు నెలలే. ఆరు నెలలు పూర్తిగా నిండాలి, అంటే దాదాపు 180 రోజులు. పదో తేదీన పుడితే ఆరు నెలల తర్వాత వచ్చే పదో తేదీ దాకా తల్లిపాలు చాలు, మంచినీళ్లు కూడా అక్కర్లేదు.

రాత్రి ఎక్కువసార్లు లేస్తోందనో, గుప్పిట చీకుతోందనో టెన్షన్ పడి ముందే మొదలుపెట్టకండి. బిడ్డ మెడ నిలపాలి, ఆసరా ఇస్తే కూర్చోవాలి, పెట్టింది నాలుకతో నెట్టేయకుండా మింగాలి. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ అయితే డాక్టర్‌ని అడగండి.

ఆలస్యమూ వద్దు. కడుపులో ఉండగా బిడ్డ దాచుకున్న ఐరన్ ఈ వయసుకి తరిగిపోతుంది, పాలలో ఉండేది కొంచెమే. కాబట్టి పండ్ల గుజ్జుతోనే వారాలు గడపొద్దు. మెదిపిన పప్పు, బాగా ఉడికిన గుడ్డు, మీరు తినేవాళ్లైతే మెత్తటి మాంసం తొందరగానే మొదలవ్వాలి.

నేను ఎక్కువసేపు మాట్లాడేది చిక్కదనం గురించే. గొంతుకి అడ్డం పడుతుందన్న భయంతో చాలామంది నీళ్లలా కలుపుతారు. బిడ్డ పొట్ట చిన్నది, ఆ నీళ్లకే నిండిపోతుంది, బలం అందదు. చెంచా వంచినా వెంటనే జారిపోనంత చిక్కగా కలపండి. కూర్చోబెట్టే తినిపించండి. కొత్తలో ఓకరించడం మామూలే, శబ్దం వస్తుంటే కంగారొద్దు. శబ్దం లేకుండా ఊపిరాడనట్టు గిలగిలలాడితేనే ప్రమాదం, వెంటనే సాయం కావాలి. గట్టి గింజలు, గుండ్రటి పండ్లు అలాగే ఇవ్వొద్దు.

మొదట పూటకి రెండు మూడు చెంచాలు, రోజుకి రెండుసార్లు. మెల్లగా పెంచుతూ 250 మి.లీ. కప్పులో సగం దాకా తీసుకురండి. తొమ్మిది నెలలు నిండాక రోజుకి మూడు నాలుగుసార్లు పెట్టాలి. ఎనిమిది నెలలకల్లా మిక్సీ మానేసి చేత్తో మెదపండి, పట్టుకు తినే మెత్తటి ముక్కలూ ఇవ్వండి.

ఉప్పు, చక్కెర కలపొద్దు. తేనె ఏడాది నిండేదాకా నాకించడం కూడా వద్దు, అందులో ఒక్కోసారి ఉండే బొట్యులిజం క్రిములు పసిపిల్లల ప్రాణం మీదికి తెస్తాయి.

తల తిప్పేసుకుంటే అక్కడితో ఆపేయండి. ఉమ్మేసిన రుచిని కొన్నాళ్లాగి మళ్లీ పెట్టండి, పదిసార్లయ్యాక ఇష్టపడే పిల్లలూ ఉంటారు. తల్లిపాలు మాత్రం రెండేళ్ల దాకా, వీలైతే ఆ తర్వాత కూడా ఇవ్వండి.