వందేళ్ల వాన లెక్క తేడా కొడుతోందా? ఇక్కడ చూడండి

భారీ వానల మీదో, కరువు మీదో లెక్కలు కడుతున్నప్పుడు సాఫ్ట్‌వేర్ ఎర్రర్ ఇస్తే అదృష్టమే, ఎక్కడో తప్పుందని కనీసం తెలుస్తుంది. ఏ ఎర్రరూ లేకుండా అంకె వచ్చేసి, దాన్ని పట్టుకుని ఎవరో కల్వర్టు కట్టేస్తేనే అసలు టెన్షన్. వందేళ్ల వాన అంటే ఏ ఏడాదిలోనైనా నూటికి ఒక్క వంతు అవకాశమున్నంత పెద్ద వాన.

సమస్య: ఒక్క ఏడాది డేటా కలపగానే వందేళ్ల వాన అంకె ఎక్కడికో పోయింది

2023 జులైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్కరోజులో 649.8 మి.మీ. కురిసింది. ఇలాంటి అంకె ఏ పాతికేళ్ల డేటాలోనైనా పడితే జీఈవీ (ఏటా పడే అతి పెద్ద వానలకు అమర్చే గణాంక పంపిణీ) గీత మొత్తాన్ని తనవైపు లాగేసుకుంటుంది. కారణం షేప్ పరామితి. అరుదైన వానలు ఎంత దూరం పోగలవో చెప్పేది అదే, కానీ పాతిక వార్షిక గరిష్ఠాలతో (ఏటా ఒక్కరోజులో పడిన అతి ఎక్కువ వానలతో) అది సరిగ్గా చిక్కదు. రోజువారీ వానలకు ఎక్కువగా 0 నుంచి 0.2 దాకా, కాస్త అటూఇటూగా ఉంటుంది, మీకు 0.5 వచ్చిందంటే ముందు డేటా చాల్లేదేమో అని అనుమానించండి.

అలాగని అవుట్‌లయర్ పేరుతో ఆ అంకెను తీసిపారేయకండి. చుట్టుపక్కల ఏం పడిందో చూడండి: అదే వానకు భూపాలపల్లి జిల్లా చిట్యాలలో కూడా 600 దాటింది, కాబట్టి రెయిన్‌గేజ్ తప్పు అనడానికి లేదు. ఒకే రకం వానలుండే స్టేషన్లను ఒక గుంపుగా తీసుకుని, ప్రతి స్టేషన్ వార్షిక గరిష్ఠాలనూ దాని సగటుతో భాగించి, అన్నిటికీ కలిపి ఎల్-మూమెంట్స్‌తో (ఒకటి రెండు విపరీత అంకెలకు అంతగా చెదరని గణాంక కొలతలు) ఒకే ఫిట్ చేసి, తర్వాత మీ స్టేషన్ సగటుతో గుణించండి. ములుగు ఏజెన్సీ స్టేషన్లతో మహబూబ్‌నగర్ స్టేషన్లను మాత్రం కలపకండి. ఫలితాన్ని ఒక్క అంకెగా కాకుండా బూట్‌స్ట్రాప్ చేసి (డేటాలోంచే మళ్లీమళ్లీ నమూనాలు తీసి లెక్క కట్టి) పరిధితో ఇవ్వండి. ఆ పరిధి చూసి ఇంజినీరుకు కోపం వస్తే రానివ్వండి.

సమస్య: పైథాన్‌లో షేప్ మైనస్ వచ్చింది, ఆర్‌లో ప్లస్

పైథాన్‌లోని సైపై లైబ్రరీ వాడే గుర్తు పుస్తకాల్లోదానికి రివర్స్. మైనస్ ఒకటితో గుణించండి, అంతే.

సమస్య: గ్రాఫ్‌లో పైనున్న రెండు మూడు చుక్కలు గంబెల్ గీతను దాటి పోతున్నాయి

గంబెల్ అంటే జీఈవీలోనే షేప్‌ను సున్నా దగ్గర కట్టేయడం. జీఈవీకి మారండి, పైన చెప్పిన గుంపు పద్ధతితోనే.

సమస్య: 24 గంటల వాన తక్కువగా వస్తోంది

ఐఎండీ (భారత వాతావరణ శాఖ) రోజు ఉదయం 8:30కి మొదలై మర్నాడు 8:30కి ముగుస్తుంది. రాత్రి మొదలైన కుండపోత ఎనిమిదిన్నర దాటాక కూడా సాగితే ఒకే వాన రెండు రోజుల ఖాతాల్లో పడుతుంది. గంటలవారీ డేటా ఉంటే కదిలే 24 గంటల మొత్తం తీయండి, లేకపోతే వార్షిక గరిష్ఠాలను 1.13తో గుణించడం చాలాకాలంగా ఉన్న వాడుకే.

సమస్య: చుక్క వాన పడలేదు, ఎస్పీఐ మాత్రం ‘సాధారణం’ అంటోంది

ఎస్పీఐ అంటే వాన మామూలు కంటే ఎంత ఎక్కువో తక్కువో చెప్పే సూచీ: సున్నా దగ్గర ఉంటే సాధారణం, మైనస్‌లోకి పోయేకొద్దీ కరువు. రాయలసీమలో ఫిబ్రవరికి ఒక నెల ఎస్పీఐ వేస్తే ఇది తప్పదు. ఎస్పీఐ లెక్కలో వాడే గామా పంపిణీకి సున్నాలు పడవు కాబట్టి వాటి వాటాను విడిగా కలుపుతారు. 30 ఏళ్లలో 18 ఫిబ్రవరులు పూర్తిగా ఎండిపోయాయనుకోండి: సున్నా వానకు సంభావ్యత 0.6 అవుతుంది, దాన్ని ఎస్పీఐగా మారిస్తే +0.25. అంటే ఎండు నెలకు ప్లస్ మార్కులు! ఆ నెలల్లో ఒక నెల ఎస్పీఐ జోలికే పోకండి, ఖరీఫ్‌కైతే సెప్టెంబరు ఆఖరున నాలుగు నెలలది వేయండి.

అది కూడా బాగానే ఉండి వేరుశనగ ఎండిందంటే, నెల వానంతా రెండు రోజుల్లో కురిసి ఉంటుంది. అప్పుడు మొత్తాలు పక్కనపెట్టి, 2.5 మి.మీ. కంటే తక్కువ పడిన రోజులు వరసగా ఎన్నున్నాయో లెక్కపెట్టి, ఏటా అన్నిటికన్నా పొడవైన ఎండు విరామాన్ని తీసి దాని మీద రిటర్న్ పీరియడ్ (సగటున ఎన్నేళ్లకోసారి వస్తుందో) కట్టండి.