చదువు ముగిశాక వీసా, నాలుగో పాఠం: తేదీల కాగితం

ఇంతవరకు మూడు పాఠాల్లో విశ్వవిద్యాలయం ఇచ్చే విద్యార్థి అర్హత పత్రమైన ఐ-20ని చదవడం, వీసా ముద్రకూ విద్యార్థి హోదాకూ ఉన్న తేడా, చదువుకునే రోజుల్లో చేయదగిన పని గురించి తెలుసుకున్నాం. ఈ పాఠం పూర్తయ్యేసరికి, అమెరికాలో ఎంఎస్ ముగించబోయే విద్యార్థి తన ఓపీటీ (చదువు ముగిశాక ఆ రంగంలో పని చేయడానికి ఇచ్చే అనుమతి) తేదీలన్నీ ఎవరినీ అడగకుండా లెక్కగట్టుకోగలగాలి. దానికి ఐ-20, గోడ క్యాలెండరు, ఒక తెల్ల కాగితం, పెన్ను చాలు. తేదీలు లెక్కించే యాప్‌లు ఫోనులో బోలెడున్నాయి. అయినా మొదటిసారి చేత్తోనే చేయమంటాను. చేత్తో లెక్కించినవారికి ఏ తేదీ ఎందుకు వచ్చిందో కూడా గుర్తుంటుంది.

హన్మకొండ చౌరస్తా నుంచి నక్కలగుట్ట దాకా నడిస్తే విదేశీ చదువుల కన్సల్టెన్సీ బోర్డులు కనిపిస్తూనే ఉంటాయి. ప్రవేశం, బ్యాంకు రుణం, వీసా ఇంటర్వ్యూ వరకు అక్కడ సాయం దొరుకుతుంది. విమానం ఎక్కాక ఆ సాయం ఆగిపోతుంది. జగిత్యాల, కరీంనగర్, నిజామాబాద్ వైపు గల్ఫ్‌కు వెళ్లినవారి ఇళ్లలో అకామా (అక్కడి నివాస అనుమతి) గడువు సంగతి అందరికీ తెలుసు. అక్కడ దాన్ని పొడిగించే బాధ్యత యజమానిది. అమెరికాలో చదువు ముగించిన విద్యార్థికి అలాంటి యజమాని ఉండడు. దరఖాస్తు పెట్టాల్సింది, ఉద్యోగ వివరాలు తెలపాల్సింది, రోజులు లెక్కపెట్టుకోవాల్సింది విద్యార్థే. ఇల్లు తాకట్టు పెట్టి పంపిన చదువు ఒక్క తేదీ తప్పినందుకు చేజారకూడదన్న పట్టుదలతోనే ఈ పాఠం రాస్తున్నాను.

మొదట తేదీ రాసే తీరు

అమెరికాలో నెల ముందు, రోజు తర్వాత రాస్తారు. ఐ-20లో నెల పేరు అక్షరాల్లో ఉంటుంది కాబట్టి ఇబ్బంది లేదు. ఓపీటీ దరఖాస్తు అయిన ఐ-765లోనూ, చేతికొచ్చే పని అనుమతి కార్డు (ఈఏడీ) మీదా మాత్రం అంకెలే ఉంటాయి. 07/01 అంటే అక్కడ జులై 1. మన కంటికి అది జనవరి 7లా కనిపిస్తుంది. అందుకని మీ కాగితం మీద నెలను ఎప్పుడూ పేరుతోనే రాయండి. ఇంట్లో అమ్మానాన్నలకు పంపే ప్రతిలో కూడా అంతే.

ఇప్పుడు లెక్క

నర్సంపేట నుంచి వెళ్లిన ఒక అమ్మాయి కంప్యూటర్ సైన్స్‌లో ఎంఎస్ చేస్తోంది అనుకుందాం. ఆమె ఐ-20 మొదటి పేజీలో కోర్సు ముగింపు తేదీ 2026 మే 15 అని ఉంది. లెక్కంతా ఈ తేదీ నుంచే మొదలవుతుంది. ఆఖరి పరీక్ష రాసిన రోజు, స్నాతకోత్సవం రోజు, పట్టా చేతికొచ్చిన రోజు ఇక్కడ పనికిరావు.

దరఖాస్తు పెట్టుకునే అవకాశం కోర్సు ముగింపుకు 90 రోజుల ముందు మొదలై, ముగిశాక 60 రోజులకు మూసుకుపోతుంది. మే 15 నుంచి వెనక్కి వెళ్దాం. ఏప్రిల్ 15కు 30 రోజులు. మార్చి 15కు 61. ఫిబ్రవరి 28 రోజులే కాబట్టి ఫిబ్రవరి 15కు 89. ఇంకొక్క రోజు వెనక్కి జరిగితే ఫిబ్రవరి 14. ఇక ముందుకు లెక్కిస్తే జూన్ 14కు 30, జులై 14కు 60. ఆమె కాగితం మీద మొదటి గీత ఫిబ్రవరి 14 దగ్గర, రెండోది జులై 14 దగ్గర పడాలి. మూడు నెలలని ఉజ్జాయింపుగా ఫిబ్రవరి 15 వేసుకుంటే ఒక రోజు తేడా వస్తుంది. రెండు చివర్లలోనూ అంచు మీద నిలబడకుండా కొన్ని రోజులు లోపలికి జరగడం మంచిది.

ఈ రెండు గీతల మధ్య మూడో గడువు ఒకటి దాగి ఉంటుంది. చాలామంది పట్టించుకోనిది ఇదే. విశ్వవిద్యాలయంలో విదేశీ విద్యార్థుల వ్యవహారాలు చూసే అధికారిని డీఎస్ఓ అంటారు. ఆయన సెవిస్ (విదేశీ విద్యార్థుల వివరాలుండే ప్రభుత్వ వ్యవస్థ) రికార్డులో ఓపీటీకి సిఫార్సు నమోదు చేసి, కొత్త ఐ-20 ఇస్తారు. ఆ నమోదు జరిగిన 30 రోజుల్లోగా దరఖాస్తు ప్రభుత్వానికి చేరాలి. మార్చి 2న సిఫార్సు పడితే ఏప్రిల్ 1లోగా చేరాల్సిందే. జులై 14 దాకా సమయం ఉందిగా అని ఆగితే ఆ ఐ-20 ఇక పనికిరాదు, కొత్త సిఫార్సు అడగాలి. సిఫార్సు పడకముందే దరఖాస్తు పెట్టేయడం కూడా అంతే తప్పు.

ప్రారంభ తేదీ ఎంచుకోవడం

ఓపీటీ ఏ రోజు నుంచి మొదలవ్వాలో దరఖాస్తులో విద్యార్థే కోరుకోవాలి. కోర్సు ముగిసిన మర్నాటి నుంచి 60వ రోజు వరకు ఏదైనా కోరుకోవచ్చు. మన ఉదాహరణలో మే 16 నుంచి జులై 14 దాకా. స్నేహితులు ఏ తేదీ పెట్టారో చూసి పెట్టేది కాదిది. ఉద్యోగం ఖాయమైనవారు చేరే తేదీకి దగ్గరగా పెట్టుకోవాలి. చేతిలో ఏమీ లేనివారు వీలైనంత వెనక్కి జరపడమే మేలని నా అభిప్రాయం. ఎందుకంటే, ఆ రోజు నుంచే నిరుద్యోగ దినాల లెక్క మొదలవుతుంది. మొదటి ఓపీటీ ఏడాది మొత్తంలో పని లేకుండా 90 రోజులకు మించి ఉండకూడదు.

మన విద్యార్థిని జులై 1 ఎంచుకుందనుకుందాం. జులైలో 31, ఆగస్టులో 31, మొత్తం 62. సెప్టెంబర్ 28కి 90 నిండుతాయి. శని ఆదివారాలు, పండుగ సెలవులు అన్నీ లెక్కలోకే వస్తాయి. ఉద్యోగం పోయి మళ్లీ దొరికితే, మధ్యలో పోయిన రోజులు పాత లెక్కకు కలుస్తాయి. కొత్త ఉద్యోగంతో లెక్క సున్నా కాదు.

కార్డు వచ్చింది, ఉద్యోగం ఇంకా రాలేదు, ఈలోగా బతుకమ్మకు ఇంటికొచ్చి వెళ్తామనుకునే పిల్లలుంటారు. ఉద్యోగం లేకుండా దేశం బయట గడిపిన రోజులు కూడా ఆ 90లోనే పడతాయి. తల్లిదండ్రులు ఈ సంగతి తెలుసుకుంటే రమ్మని ఒత్తిడి చేయరు.

పని అంటే వారానికి కనీసం 20 గంటలు, చదివిన విషయానికి సంబంధించినది. మొదటి ఏడాది ఓపీటీలో జీతం లేని పనికి కూడా, కార్మిక చట్టాలకు విరుద్ధం కానంతవరకు, అనుమతి ఉంది. విశ్వవిద్యాలయ ప్రయోగశాలలో ఆచార్యుడి దగ్గర స్వచ్ఛందంగా చేసే పరిశోధన సాయం ఇలాంటిదే. నిజంగా చేస్తూ, దానికి లేఖ తీసుకుని, గంటలు రాసిపెట్టుకుంటే నిరుద్యోగ లెక్క ఆగుతుంది. అయితే ఉద్యోగమైనా, ఇలాంటి పనైనా 10 రోజుల్లోగా సెవిస్ రికార్డులో చేరాలి. పని చేస్తున్నా, రికార్డులో యజమాని పేరు లేకపోతే ప్రభుత్వం దృష్టిలో మీరు ఖాళీగా ఉన్నట్టే.

డబ్బు కడితే కాగితం మీద ఉద్యోగం చూపిస్తామనేవాళ్లు సరిగ్గా ఈ 90 రోజుల భయం దగ్గరే పొంచి ఉంటారు. వాళ్ల దగ్గరకు పోవద్దని చేతులు జోడించి చెబుతున్నాను. 2019 జనవరిలో మిషిగన్‌లో ఫార్మింగ్టన్ విశ్వవిద్యాలయం ఉదంతం బయటపడింది. అది వలస అధికారులే వలపన్ని నడిపిన నకిలీ సంస్థ. తరగతులే లేని చోట హోదా కోసం పేరు నమోదు చేసుకున్న విద్యార్థుల్లో తొలుత 130 మందిని నిర్బంధిస్తే అందులో 129 మంది భారతీయులు. తెలుగు ఇళ్లలో ఎంత ఆందోళన రేగిందో అప్పటి పత్రికలు చదివినవారికి గుర్తుండే ఉంటుంది. పని లేని 91వ రోజు రాకముందే డీఎస్ఓతో మాట్లాడి వేరే కోర్సుకు మారడమో, గౌరవంగా ఇంటికి తిరిగి రావడమో చేసినవారికి మళ్లీ వీసా అడిగే దారి ఉంటుంది. అబద్ధపు ఉద్యోగం రికార్డుకెక్కితే ఆ దారి కూడా మూసుకుపోవచ్చు.

స్టెమ్ పొడిగింపు

జులై 1న మొదలైన ఓపీటీ 2027 జూన్ 30తో ముగుస్తుంది. సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, గణిత రంగాల (స్టెమ్) పట్టా ఉంటే ఇంకో 24 నెలలు, అంటే 2029 జూన్ 30 వరకు పొడిగింపు అడగవచ్చు. కోర్సు పేరు చూసి ధీమా పడకండి. ఐ-20లో కోర్సు పక్కన ఆరంకెల కోడ్ ఉంటుంది. కంప్యూటర్ సైన్స్‌కు 11.0701, డేటా సైన్స్‌కు 30.7001. ఇవి స్టెమ్ జాబితాలో ఉన్నాయి. సాధారణ వ్యాపార నిర్వహణ కోడ్ 52.0201 లేదు. ఇంకా ప్రవేశం తీసుకోని విద్యార్థులు ఈ పాఠం చదువుతుంటే, రుసుము కట్టకముందే ఈ కోడ్ అడిగి తెలుసుకోండి.

పొడిగింపు దరఖాస్తుకు 90 రోజుల లెక్క మళ్లీ వేయాలి. జూన్ 30 నుంచి వెనక్కి మే 31కి 30, ఏప్రిల్ 30కి 61, ఏప్రిల్ 1కి 90. అంటే 2027 ఏప్రిల్ 1 నుంచి జూన్ 30 లోపు. ఇక్కడ ముగిశాక 60 రోజుల వెసులుబాటు ఉండదు. ఓపీటీ ముగిశాక దేశంలో ఉండటానికి 60 రోజులు దొరుకుతాయి కానీ, ఆ రోజుల్లో స్టెమ్ దరఖాస్తు పెట్టడానికి వీల్లేదు. సకాలంలో పెట్టినవారు నిర్ణయం వచ్చేదాకా 180 రోజుల వరకు పని కొనసాగించవచ్చు. యజమాని ఈ-వెరిఫైలో (ఉద్యోగుల పని అర్హతను సరిచూసే ప్రభుత్వ వ్యవస్థ) నమోదై ఉండాలి, ఐ-983 శిక్షణ ప్రణాళిక మీద సంతకం చేయాలి. ఈ రెండూ కుదరవనే యజమాని దగ్గర ఉన్నవారు జనవరిలోనే వేరే ఉద్యోగం వెతకడం మొదలుపెట్టాలి. ఈ 24 నెలల్లో జీతం లేని పని చెల్లదు. నిరుద్యోగ దినాలకు మరో 60 కలిసి, మొత్తం మూడేళ్లకు పరిమితి 150 అవుతుంది.

కాగితం మీద ఇప్పుడు 2027, 2028, 2029 మార్చి నెలలకు ఎర్ర సున్నా చుట్టండి. ఉద్యోగ వీసా అయిన హెచ్-1బీ నమోదు జరిగేది మార్చిలోనే. ఏటా 65,000 వీసాలు, అమెరికా మాస్టర్స్ పట్టా ఉన్నవారికి మరో 20,000. ఎంపికైతే అక్టోబర్ 1 నుంచి ఆ హోదాలో పని. 2025 సెప్టెంబర్‌లో ప్రకటించిన లక్ష డాలర్ల రుసుము, దేశంలోనే ఉండి విద్యార్థి హోదా నుంచి మారేవారికి వర్తించదని అదే ఏడాది అక్టోబర్‌లో అధికారులు వివరణ ఇచ్చారు. కాబట్టి దరఖాస్తు నడుస్తుండగా దేశం దాటే ముందు న్యాయవాదిని అడగాలి. గ్రీన్ కార్డు వరసలో ఒక్కో దేశానికి 7 శాతమే పరిమితి ఉండటం వల్ల మనవాళ్లకు ఏళ్లు పట్టే సంగతి ఆరో పాఠంలో వివరంగా చూద్దాం.

కాగితానికి కుడివైపు ఇంకో నిలువు గడి గీయండి. అందులో, ప్రతి నిబంధనను మీరు ప్రభుత్వ వెబ్‌సైటులో చివరిసారి సరిచూసిన తేదీ రాయండి. చదువు తర్వాతి 60 రోజుల గడువును 30కి తగ్గించాలని 2025 ఆగస్టులో అమెరికా ప్రభుత్వం ప్రతిపాదించింది. నిబంధన మారితే మీ గీత జరగాలి, లెక్కించే పద్ధతి మాత్రం అదే.

వేరే దేశాల్లో లెక్క మొదలయ్యే తేదీ వేరు. బ్రిటన్‌లో విద్యార్థి వీసా ముగిసేలోగా, ఆ దేశంలోనే ఉండి గ్రాడ్యుయేట్ వీసా అడగాలి. 2027 జనవరి 1 నుంచి దరఖాస్తు చేసే మాస్టర్స్ విద్యార్థులకు రెండేళ్లకు బదులు 18 నెలలే. కెనడాలో కోర్సు పూర్తయినట్టు విశ్వవిద్యాలయం ధ్రువీకరించిన రోజు నుంచి 180 రోజుల్లోగా వర్క్ పర్మిట్ అడగాలి. అక్కడ పర్మిట్ పాస్‌పోర్టు గడువును దాటదు, అందుకని పాస్‌పోర్టు ముందే పునరుద్ధరించుకోవాలి. జర్మనీలో ఉద్యోగం వెతుక్కోవడానికి 18 నెలలు ఇస్తారు. ఈ మూడూ వచ్చే పాఠంలో.

అభ్యాసం

కోర్సు ముగింపు 2026 డిసెంబర్ 18. విద్యార్థి కోరుకున్న ప్రారంభ తేదీ 2027 ఫిబ్రవరి 1. కంప్యూటర్ సైన్స్ కోర్సు. ఇంట్లో ఒకరు చదువుతుంటే ఒకరు రాస్తూ లెక్క వేసి, తర్వాతే కింది జవాబులు చూడండి.

దరఖాస్తు 2026 సెప్టెంబర్ 19 నుంచి 2027 ఫిబ్రవరి 16 వరకు. ఉద్యోగం దొరక్కపోతే 90వ రోజు మే 1. ఓపీటీ ముగింపు 2028 జనవరి 31. స్టెమ్ దరఖాస్తు 2027 నవంబర్ 2 నుంచి. పొడిగింపు ముగింపు 2030 జనవరి 31. మార్చి నెలలు ఇక్కడ కూడా మూడే, కానీ మొదటిది ఓపీటీ మొదలైన నెలకే వచ్చేస్తుంది. డిసెంబర్‌లో చదువు ముగించేవారు ఆ మార్చిని వాడుకోవాలంటే ఉద్యోగ ప్రయత్నం సెప్టెంబర్‌లోనే మొదలుపెట్టాలి. మేలో ముగించేవారికి అదే పనికి దాదాపు ఏడు నెలలు అదనంగా దొరుకుతాయి.