ఏడీఎస్1115లో సెట్టింగ్ రాశాక కూడా రీడింగ్ తప్పుగా వస్తోందా? ఇలా వెతకండి

ఇంట్లో ఇన్వర్టర్ బ్యాటరీ వోల్టేజ్ ఎప్పటికప్పుడు చూసుకుందామని రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్‌కి ఏడీఎస్1115 (వోల్టేజ్‌ని నంబర్‌గా మార్చే చిప్) మాడ్యూల్ తగిలించాను. బ్యాటరీకీ ఏ0 పిన్‌కీ మధ్య 100కే, 22కే రెసిస్టర్లతో డివైడర్ (వోల్టేజ్‌ని తగ్గించే జత). వైరింగ్ త్వరగానే అయిపోయింది, నమ్మదగ్గ నంబర్ రావడానికి మాత్రం రెండు రాత్రులు పట్టింది. తప్పంతా కాన్ఫిగ్ రిజిస్టర్ (చిప్‌లో సెట్టింగులు ఉండే చోటు) దగ్గరే ఉంది కాబట్టి ఏ లక్షణం కనిపిస్తే ఎక్కడ చూడాలో రాస్తున్నాను.

ఏదీ రాయకముందే ఒక పని చేయండి. మాడ్యూల్‌కి పవర్ తీసి మళ్ళీ పెట్టండి (రాస్ప్‌బెర్రీ పైని రీబూట్ చేస్తే చాలదు, 3.3 వోల్టులు అలాగే ఉండిపోతే చిప్‌లో పాత సెట్టింగే ఉంటుంది), ఆ వెంటనే 1వ రిజిస్టర్ చదవండి, కాన్ఫిగ్ రిజిస్టర్ అదే. హెక్స్‌లో 8583 రావాలి, ఫ్యాక్టరీ నుంచి వచ్చే విలువ అదే.

8583 బదులు 8385 వస్తోంది

నన్ను ఎక్కువగా తిప్పలు పెట్టింది ఇదే. చిప్ పెద్ద బైట్ ముందు పంపుతుంది, చిప్‌తో మాట్లాడటానికి వాడే పైథాన్ ఎస్ఎంబస్ లైబ్రరీలోని రీడ్ వర్డ్ ఫంక్షన్ ముందు వచ్చినదాన్ని చిన్న బైట్ అనుకుంటుంది, రైట్ వర్డ్ కూడా అలాగే తిరగేసి పంపుతుంది. ఏ0 ఒక్కటే, 4.096 వోల్టుల రేంజ్, సెకనుకు 128 శాంపిళ్ళు కావాలంటే రాయాల్సింది సీ383. నేను రాసింది అదే, చిప్‌లోకి వెళ్ళింది మాత్రం 83సీ3. దానర్థం ఏ0కీ ఏ1కీ మధ్య తేడా కొలువు, సెకనుకు 475 శాంపిళ్ళు తీయి అని. ఏ1 ఖాళీగా వేలాడుతోంది, కాబట్టి రీడింగ్ ఊగిసలాడుతూనే ఉంది. సరిగ్గా రాశానా లేదా అని తిరిగి చదివితే, చదివేటప్పుడు కూడా తిరగబడి చక్కగా సీ383 అనే కనిపించింది! అందుకే రాసినదాన్ని తిరిగి చదివి సరిచూసుకుంటే ఈ తప్పు దొరకదు, రాయకముందు చదివిన 8583 ఒక్కటే దీన్ని పట్టిస్తుంది. పరిష్కారం సులువు: వర్డ్ ఫంక్షన్లు వదిలేసి బ్లాక్ డేటా ఫంక్షన్లు వాడండి, రెండు బైట్లూ మీ చేత్తోనే వరసగా ఇవ్వండి, ముందు సీ3, తర్వాత 83.

రీడింగ్ 32767 దగ్గర అతుక్కుపోయింది

చిప్ చెడిపోలేదు, టెన్షన్ పడొద్దు. 32767 అంటే చిప్ ఇవ్వగల అతి పెద్ద నంబర్. డిఫాల్ట్ రేంజ్ 2.048 వోల్టులు, మీ సిగ్నల్ అంతకు మించి ఉంది. నా డివైడర్‌తో బ్యాటరీ 12.6 దగ్గర ఉంటే పిన్ మీద 2.27 వోల్టులు వస్తుంది, అంటే బ్యాటరీ 11.3కి దిగితే తప్ప నంబర్ కదలదు. రేంజ్ బిట్లను 010 నుంచి 001కి మారిస్తే 4.096 అవుతుంది, ఒక్కో మెట్టు 125 మైక్రోవోల్టులు, అదే 12.6కి 18177 దగ్గర్లో రావాలి. ఇక్కడ ఒక్క హెచ్చరిక: రేంజ్ 6.144 అని పెట్టినంత మాత్రాన పిన్ మీద 6 వోల్టులు పెట్టకూడదు. సప్లై 3.3 అయితే 3.6 దాటనివ్వకండి, నిజంగా చిప్ పోతుంది.

ఎప్పుడు చదివినా −15485 లేదా −31357

అది కొలత కాదు, మీరు కాన్ఫిగ్ రిజిస్టర్‌నే చదువుతున్నారు. సీ383, 8583లను గుర్తుతో ఉన్న సంఖ్యలుగా చూస్తే వచ్చేవి ఇవే. ఆర్డుయినోలో కాన్ఫిగ్ రాశాక పాయింటర్ (ఏ రిజిస్టర్ చదవాలో చెప్పే నంబర్) 1 దగ్గరే ఉండిపోతుంది, చదివే ముందు కొలత ఉండే 0 పంపాలి.

ఏ1 విలువ ఏ0లో, ఏ0 విలువ ఏ1లో వస్తోంది

ఛానెల్ మార్చిన వెంటనే చదివేస్తున్నారు, కొత్త కొలత ఇంకా పూర్తి కాలేదు, వచ్చేది పాత ఛానెల్ విలువే. సెకనుకు 128 అంటే ఒక్కోటి దాదాపు 7.8 మిల్లీసెకన్లు, పైగా చిప్ లోపలి గడియారం 10 శాతం అటూఇటూ ఉండొచ్చు. సింగిల్ షాట్‌లో (అడిగినప్పుడు ఒక్కసారే కొలిచే పద్ధతి, సీ383లో ఉన్నది అదే) 10 మిల్లీసెకన్లు ఆగితే చాలు. ఇంకా నమ్మకంగా కావాలంటే కాన్ఫిగ్‌ని చదువుతూ ఉండండి: పని నడుస్తున్నంతసేపు 4383, అయిపోగానే సీ383. అన్నిటికంటే ముందున్న బిట్ ఒక్కటే మారుతుంది, కాబట్టి 4383 కనిపించినప్పుడు రాసింది పోయిందని అనుకోకండి.

ఇన్‌పుట్ సున్నా, రీడింగ్ 65535

అది −1. విలువ 32767 దాటితే 65536 తీసేయండి. గ్రౌండ్ దగ్గర ఒకటి రెండు మెట్లు కిందకి రావడం మామూలే.