పార్కింగ్ సర్వే వాళ్లు మీ వీధికి వచ్చేలోపు
తిరుపతిలో పార్కింగ్ లెక్కలకు కార్పొరేషన్ కన్సల్టెంట్లను పెడితే, రిపోర్టు వచ్చాక గొడవపడటం దండగ. టెండర్ పేపర్లో ఏం పని అప్పగించారో ముందే చూడండి, దొరక్కపోతే సమాచార హక్కు చట్టం కింద 10 రూపాయల ఫీజుతో అడగండి, 30 రోజుల్లో జవాబివ్వాలి. అసలు చూడాల్సింది ఎప్పుడు లెక్కపెడతారన్నది: గాంధీ రోడ్డులో మామూలు మంగళవారం పొద్దున లెక్కకీ, బ్రహ్మోత్సవాలప్పుడు గోవిందరాజస్వామి గుడి చుట్టూ సాయంత్రం లెక్కకీ పొంతనే ఉండదు కాబట్టి రెండూ తీయమని రాసివ్వండి. ఎన్ని బండ్లున్నాయో తెలిస్తే చాలదు, ఒక్కో బండి ఎంతసేపు ఉంటోందో కూడా కావాలి. అందుకు అరగంటకో గంటకో నంబర్ ప్లేట్లు రాసుకోవాలి, షాపుల వాళ్ల బండ్లే పొద్దున్నుంచి రాత్రిదాకా కదలకపోతే అక్కడే బయటపడుతుంది (వాళ్లకు కోపం రావచ్చు, రానీండి). పార్కింగ్‌కి వదలాల్సిన సెల్లార్లలో గోడౌన్లు పెట్టిన బిల్డింగులు తెలిస్తే ఆ జాబితా కూడా ఇవ్వండి.